మా పాలెం మురుగు సముద్రంలో కలవకుండా: ప్రాజెక్టు డైరీ

జనవరి 7, 2024

తెల్లవారుజామున 4 గంటల నుంచి అర్ధరాత్రి దాకా మురుక్కాలవ చివర కూర్చున్నాం, తమ్ముడూ నేనూ వంతులేసుకుని. చేతిలో 15 లీటర్ల బకెట్టు, సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్. మాది మొగల్తూరు మండలం, పేరుపాలెం బీచికి దగ్గర్లో ఉన్న చిన్న పాలెం. వీధి కాలవ సరుగుడు తోట పక్కనుంచి వెళ్లి ఆఖర్న ఒక సిమెంటు తూములోంచి ఇసకలో పడుతుంది. అక్కణ్నుంచి నల్లటి చారలా పారి సముద్రంలో కలుస్తుంది.

ఉదయం 7 గంటలకి బకెట్టు 19 సెకన్లలో నిండింది. రాత్రి 11కి అదే బకెట్టు నిండడానికి ఆరు నిమిషాలు పట్టింది. గంటగంటకీ రాసుకున్నవన్నీ కూడితే రోజుకి 11,400 లీటర్లు తేలింది. అందులో సగానికి పైగా పొద్దున్న 6 నుంచి 9 లోపే వస్తోంది. మా వీధిలో 61 ఇళ్లు, 270 మంది. మనిషికి రోజుకి 55 లీటర్లు అని జల్ జీవన్ మిషన్ లెక్క. అందులో 80 శాతం మురుగుగా బయటికి వస్తుందనుకుంటే 11,900 లీటర్లు. మా బకెట్టు లెక్క దానికి దగ్గరగానే ఉంది. ఈ మురుగుని శుద్ధి చేసే ప్లాంటు కట్టాలని మా ఆలోచన, దాని డిజైన్‌కి 12 వేల లీటర్లు అనుకోవచ్చు.

ఎండు చేపలు తిరగేస్తున్న పిన్ని వచ్చి పక్కన నిలబడింది. "ఏంటమ్మాయ్, మురుక్కాలవ దగ్గర ఫోను పట్టుక్కూర్చున్నావు?" అంది. చెప్పాను. "సముద్రం అంత పెద్దది కదే, మన బకెట్టు నీళ్లు దానికో లెక్కా?"

ఈ మాట నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. సివిల్ డిప్లొమా చదివేటప్పుడు క్లాసులో కూడా విన్నాను. దీనికి నోటితో జవాబు చెప్పి లాభం లేదు, చూపించాలి.

జనవరి 16, కనుమ

పడవలకి వేసే పసుపు రంగు కొంచెం మిగిలితే పది కొబ్బరి డొక్కలకి పూశాం. పండగ సెలవుల్లో ఉన్న పిల్లలందరూ వచ్చారు. తూము నోటి దగ్గర పదింటినీ ఒకేసారి నీళ్లలో వదిలాం. మురుగు లోపలికి, దూరంగా, ఎక్కడికో పోతుందని అందరికీ నమ్మకం కదా, అలా అయితే డొక్కలు కూడా పోవాలి.

రెండు గంటల తర్వాత తొమ్మిది దొరికాయి. అన్నీ ఒడ్డు వెంబడే పడమటి వైపు కొట్టుకుపోయాయి. ఏదీ మొలలోతు నీళ్లు దాటలేదు. మూడు డొక్కలు సరిగ్గా ఒడ్డు నుంచి అలివి వల లాగే చోట తేలుతున్నాయి. రెండు డొక్కలైతే పిల్లలు రోజూ స్నానాలు చేసే చోటే ఇసకలో చిక్కుకున్నాయి. డొక్క తేలుతుంది, మురుగు కలుస్తుంది, రెండూ అచ్చంగా ఒకటి కాదని తెలుసు. కానీ అలలు విరిగే చోట నీరు ఒడ్డు వెంటే నడుస్తుందన్నది నిజం. ఈ కాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి అటు నడుస్తోంది, వేసవిలో ఇటు తిరుగుతుంది.

సముద్రం పెద్దదే. మన మురుగు కలిసేది మాత్రం ఆ పెద్ద సముద్రంలో కాదు, ఒడ్డున ఉన్న ఈ నాలుగడుగుల నీళ్లలో. చిన్న రొయ్య పెరిగేదీ, పీత తిరిగేదీ, మా ముసలాళ్లు తెల్లారి కాళ్లు కడుక్కునేదీ ఇందులోనే. పిన్ని ఏమీ అనలేదు. పసుపు డొక్క ఒకటి తీసుకెళ్లి ఇంటి అరుగు మీద పెట్టుకుంది.

ఫిబ్రవరి 18

కంకర, జమ్ము కలిసి మురుగుని ఎంత శుభ్రం చేస్తాయో చూడ్డానికి నాలుగు వారాలుగా నీలం డ్రమ్ము ప్రయోగం నడుస్తోంది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో అడుగు నుంచి పైదాకా కంకర, పైన మూడు జమ్ము దుబ్బులు. రోజూ పొద్దున్న కాలవ నీళ్లు, ముందు ఒక రోజు బిందెలో తేర్చి, పైనుంచి పోస్తున్నాను. కింద కుళాయి తిప్పి సీసాలో పట్టుకుంటున్నాను. మొదటి వారం వచ్చిన నీళ్లు పెసర కట్టు రంగులో ఉన్నాయి. నాలుగో వారానికి సీసా వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలుగుతున్నాం. పంచాయతీ మీటింగులో ఈ సీసాలు రెండూ బల్ల మీద పెట్టాను. ఒక పెద్దాయన మూత తీసి వాసన చూశారు. ఇక వాదన జరగలేదు.

డబ్బుకి దారి దొరికింది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలి, కాబట్టి కొంత అందులోంచి వస్తుంది. మిగతాది పడవకింత అని ఊరు వేసుకుంటుంది. స్థలం పంచాయతీదే. పెద్ద పోటు గీతకి 200 మీటర్లు దాటి, కొబ్బరి తోట వెనకాల. శుద్ధి చెయ్యని మురుగుని తీరంలో వదలకూడదని తీర నియంత్రణ నోటిఫికేషన్లో స్పష్టంగా ఉంది. ఆ కాగితం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాం.

మార్చి 10

లెక్క ఇక్కడ రాసి పెడుతున్నాను, ఇలాంటి పని మొదలుపెట్టే వాళ్లకి అక్కరకొస్తుంది.

ముందు ఒక కాంక్రీటు ట్యాంకు. లోపల 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, నీటి లోతు మీటరున్నర. 18 వేల లీటర్లు పడుతుంది, అంటే మురుగు ఒకటిన్నర రోజు అందులో ఉంటుంది. మొదటి గది పెద్దది, బరువైన మడ్డి అక్కడే దిగిపోతుంది. తర్వాత మూడు గదులు. ప్రతి గదిలోనూ నీళ్లు పైపు ద్వారా అడుక్కి దిగి, అక్కడున్న బురదలోంచి పైకి లేచి, పక్క గదిలోకి పోవాలి. ఆ బురదలో ఉండే సూక్ష్మజీవులే అసలు పనివాళ్లు, గాలి అక్కర్లేనివి. కరెంటు లేదు, మోటారు లేదు.

ఆ తర్వాత కంకర మడి. అందులో నీళ్లు మూడు రోజులు నిలవాలి కాబట్టి 36 ఘనపు మీటర్ల ఖాళీ కావాలి. రాళ్ల సందుల్లో ఖాళీ దాదాపు 40 శాతం. అంటే 90 ఘనపు మీటర్ల కంకర, మన భాషలో 32 యూనిట్లు. రెండడుగుల లోతున పరిస్తే 150 చదరపు మీటర్లు, నాలుగు సెంట్లకి కొంచెం తక్కువ. అడుగున రొయ్యల చెరువులకి వేసే లైనర్ షీటు. నీటి మట్టాన్ని కంకర పైభాగానికి నాలుగు అంగుళాలు కిందే ఉంచాలి, అప్పుడు దోమ గుడ్లు పెట్టడానికి నీళ్లు పైకి కనపడవు. ఆ నాలుగు అంగుళాలు పోతే నీళ్లు నిలిచేది రెండున్నర రోజులే.

మార్చి 24

ఈ రోజు రాయడానికి చెయ్యి రావడం లేదు.

మా దగ్గర మూడడుగులు తవ్వితే నీళ్లు. ఇంజను పెట్టి నీళ్లు తోడుతూ ట్యాంకు కట్టాం. ఉప్పునేల కదా అని స్లాగ్ సిమెంటే వాడాం. నిన్న సాయంత్రానికి గోడలకి సెంట్రింగ్ విప్పారు. డీజిలు ఖర్చవుతోందని రాత్రికి ఇంజను ఆపమని చెప్పింది నేనే. తెల్లారి వెళ్లేసరికి తూర్పు మూల రెండు అంగుళాలు పైకి లేచి ఉంది.

ఖాళీ కాంక్రీటు ట్యాంకు పడవ లాంటిది. చుట్టూ నీళ్లు చేరితే లేస్తుంది. కాయితం మీద వేసి చూస్తే, ఊటనీరు నేలకి రెండడుగుల దగ్గరకి వస్తే పైకి నెట్టే బలం 21 టన్నులు దాటుతుంది. మా కాంక్రీటు బరువు 19. పున్నమి దగ్గర పడింది, పోటుతో ఊట కూడా పెరిగింది. పడవలు చేసే వాళ్లింట్లో పుట్టి ఈ లెక్క ముందే వెయ్యనందుకు చాలా బాధగా ఉంది.

మేస్త్రీ గారు మాత్రం కంగారు పడలేదు. "ముందు నీళ్లు నింపండమ్మా, బరువు దింపుదాం, తర్వాత చూద్దాం" అన్నారు. ట్యాంకు నింపి, ఆ మూల కింద పైపుతో నీళ్లు చిమ్ముతూ ఇసకని కదిలించాం. సాయంత్రానికి దాదాపు సర్దుకుంది. బెడ్డుకీ, అంటే అడుగు కాంక్రీటుకీ, గోడకీ మధ్య వెంట్రుకంత చీలిక కనపడింది.

ఏప్రిల్ 4

చీలిక పూడ్చి, బెడ్డు చుట్టూ అడుగు వెడల్పున బయటికి కాంక్రీటు అంచు కలిపి పోశాం. ఇప్పుడు ఆ అంచు మీద ఇసక బరువు కూర్చుని ట్యాంకుని పట్టి ఉంచుతుంది. నింపి రెండు రోజులు ఉంచి గోడ మీద గీత గీశాం. గీత దగ్గరే ఉంది. ఇకనుంచి ట్యాంకు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని పెయింటుతో గోడ మీద పెద్దక్షరాలతో రాయించాను.

ఏప్రిల్ 12

కంకర వచ్చింది. డెల్టాలో రాయి ఎక్కడుంది, మెట్ట నుంచి రావాల్సిందే. ఎనిమిది టిప్పర్లు. బిల్లులో కడిగిన 20 ఎంఎం అని ఉంది. దోసెడు కంకర గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి, గట్టిగా ఊపి బల్ల మీద పెట్టాను. పది నిమిషాలకి అడుగున వేలు మందాన బూడిద రంగు పొడి దిగింది. పైన నీళ్లు కుడితిలా ఉన్నాయి.

ఈ పొడితోనే మడి నింపితే ఏడాది తిరక్కుండా సందులు పూడుకుపోతాయి, మురుగు పైన పారుతుంది. క్రషర్ వాళ్లకి ఫోన్ చేస్తే కాంక్రీటు పనికి ఇదే బాగుంటుందన్నారు. వాదించి రోజులు పాడుచేసుకోలేక మేమే కడగడానికి కూర్చున్నాం. జల్లెడ కింద వల, పైన నీళ్ల గొట్టం. లేసు అల్లుకునే ఆడవాళ్లు మధ్యాహ్నాలు ఆ పని పక్కన పెట్టి గమేళాలు పట్టుకుని వచ్చారు. ఆరు రోజుల పని. కంకర కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: బిల్లు చూడకండి, సీసా ఊపి చూడండి.

ఏప్రిల్ 21

వేట నిషేధం 15న మొదలైంది, జూన్ 14 దాకా 61 రోజులు. మగవాళ్లందరూ ఊళ్లోనే ఉన్నారు, కంకర పరిచే పని మూడు రోజుల్లో అయిపోయింది. మొక్కలు పెట్టాం. ముందు వరసల్లో పంట కాలవ గట్టున తవ్వి తెచ్చిన జమ్ము, తర్వాత మెట్టతామర. జానెడు దుంపలు, అడుగున్నరకి ఒకటి.

మే 9

ట్యాంకులో మురుగు వదిలి పది రోజులైంది. పేడ నీళ్లతో పాటు ఒక పాత సెప్టిక్ ట్యాంకు బురద నాలుగు బకెట్లు వేశాం, తోడు పెట్టినట్టు. సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుందని తెలుసు. కానీ నిన్న అమావాస్య నాటి నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వీధంతా కమ్మేసింది. ఊళ్లో ఒకటే టెన్షన్. "ఇదా మీరు పెట్టిన ప్లాంటు?" అని మా మావయ్యే అడిగాడు. మెట్టతామర ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి.

ఆకు చూశాకే అనుమానం వచ్చింది. రొయ్యల చెరువున్న అన్నయ్య దగ్గర ఉప్పుశాతం చూసే పరికరం అడిగి తెచ్చాను. గాజు మీద చుక్క వేసి వెలుతురుకి ఎత్తి చూస్తే 6 దగ్గర గీత, అంటే లీటరుకి దాదాపు 6 గ్రాముల ఉప్పు. సముద్రపు నీరు 35 ఉంటుంది. అంటే మా మురుగులో ఆరోవంతు సముద్రం ఉంది! అమావాస్య పోటుకి పైకి లేచిన ఉప్పు ఊట, కాలవ నుంచి ట్యాంకుకి వేసిన పైపు అతుకుల్లోంచి లోపలికి వస్తోంది. సముద్రపు నీళ్లలో సల్ఫేటు ఎక్కువ. గాలి లేని చోట ఒక రకం బ్యాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. వాసన అదే. కాంక్రీటుని తినేదీ అదే, మనిషి ప్రాణం తీసేదీ అదే.

అందుకే ట్యాంకు మూతలకి తాళాలు వేయించాను. ఏం జరిగినా, ఎవరు చెప్పినా, మనిషి లోపలికి దిగకూడదు. మనుషుల్ని మురుగు ట్యాంకుల్లోకి దింపొద్దనే 2013 చట్టం ఉందని కాదు, ఒక్క ఊపిరితో పోయే ప్రాణం ముందు పైపు అడ్డుపడడం ఒక లెక్కా?

మే 26

పైపంతా తవ్వి తీశాం. 14 అతుకుల్లో 5 చోట్ల గమ్ము సరిగా పట్టలేదు. రబ్బరు రింగు ఉన్న పైపులు వేశాం. ట్యాంకు గదులకి సరుగుడు చెట్ల కన్నా ఎత్తుగా గాలి గొట్టం. పోయిన గురువారం పున్నమి, పోటు బాగానే వచ్చింది, ఉప్పు మాత్రం 1 దాటలేదు. వాసన సగానికి పైగా తగ్గింది. మెట్టతామర కొంత పోయింది, ఖాళీల్లో కూడా జమ్మే నాటాం. అందానికి పువ్వులుంటాయని ఆశపడ్డాను గానీ, మా నేలకి జమ్మే తగింది.

జూన్ 17

వేట మొదలైంది. పడవలు నెత్తళ్లూ కవళ్లూ తెచ్చాయి. ఊరంతా చేపలు కడగడమే. ఉదయం 10 గంటలకి ప్లాంటు ముందున్న జాలీ పూర్తిగా మూసుకుపోయి కాలవ పొంగింది.

రెండు నెలలు వేట లేనప్పుడు ప్లాంటు మొదలుపెట్టి, ఇంతే ఉంటుందనుకున్నాను. అసలు బరువు చేప కడిగిన నీళ్లలో ఉంది. జాలీ మీంచి తీసిన దాన్ని అరచేతిలో పరిచి చూశాను. పొలుసులు ఒకదాని మీద ఒకటి, తడి అభ్రకం రేకుల్లా, మధ్య మధ్య నెత్తురు జిగురు. నీళ్లు పోస్తే జారడం లేదు. జాలీ కన్నం సగం అంగుళం. పొలుసు నిలువుగా వస్తే దాటిపోతుంది, బల్లపరుపుగా వస్తే అంటుకుపోతుంది.

సాయంత్రం మీటింగు పెట్టాం. జాలీ రోజూ తియ్యాలి, ఎవరు తీస్తారు? ఊరవతల నుంచి ఒక మనిషిని పిలిపిద్దాం అన్నారు ఇద్దరు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. నేను ఒప్పుకోలేదు. ఆ పొలుసులు మన ఇంటి చేపవి. మన చేతులు తగలకూడనిది పక్క పేటవాళ్ల చేతులకి ఎందుకు తగలాలి? గొంతు కొంచెం పెద్దదే అయింది. అప్పుడు పిన్ని అంది, "పొలుసు కాలవ దాకా ఎందుకు రానివ్వాలి? నా దగ్గరే ఆపుతాను."

జూన్ 30

పిన్ని ఆలోచన ఇలా ఉంది. చేపలు కడిగే చోట సిమెంటు గచ్చు, గచ్చు చివర ఒక తొట్టి, తొట్టిలో పాత వల గుడ్డతో కుట్టిన సంచి. వల కన్ను చిన్నది, మెత్తగా ఉంటుంది, తిరగేసి దులిపితే పొలుసు ఊడిపోతుంది. ఇనుప జాలీ కన్నా ఎంతో నయం. సంచులు నాలుగు, కుట్టింది కూడా ఆడవాళ్లే. వలలు బాగుచేసే చేతులకి అదెంత పని! దులిపిన పొలుసుల్ని కొబ్బరి చెట్ల పాదుల్లో పాతిపెడుతున్నారు. సంచి చూసే పనికి పడవల చందాలోంచి పిన్నికి నెలజీతం. రెండు పూటలా దులిపి, గోడ మీద సుద్దతో ఒక గీత గీస్తుంది.

ఇంత డిజైనులో నేను వెయ్యలేకపోయిన ముక్క ఇదే, ప్లాంటు నిలబడింది కూడా దీనివల్లే.

ఆగస్టు 11

భీమవరంలో ఒక కాలేజీ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. సీసాలని చేపల ఐసుపెట్టెలో పెట్టి పంపాం, ఐసుకి మాకు కొదవేం లేదు. బీఓడీ అంటే నీళ్లలో కుళ్లే మురికి ఎంతుందో చెప్పే కొలత, ఆ పరీక్ష 27 డిగ్రీల్లో మూడు రోజులు. లోపలికి వచ్చే మురుగు లీటరుకి 310 మిల్లీగ్రాములు, ట్యాంకు దాటాక 120, కంకర మడి దాటాక 26.

సముద్రంలో వదిలే వాడిన నీటికి 100 దాకా ఉండొచ్చని సాధారణ నిబంధన, నదుల్లో చెరువుల్లో అయితే 30. సముద్రానికి ఎందుకీ తేడా అంటే అక్కడా అదే నమ్మకం, అంత పెద్దది కదా అని. పసుపు డొక్కలు చూసిన తర్వాత అది నాకు మింగుడు పడదు. మేం 30 లోపే పెట్టుకున్నాం.

మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా మాత్రం తగ్గింది గానీ ఇంకా వేలల్లోనే ఉంది. కంకరకీ జమ్ముకీ అంతవరకే చేతనవుతుంది. కాబట్టి ఈ నీళ్లు ఒడ్డుకి పంపడం లేదు. కొబ్బరి తోటలో, సరుగుడు తోటలో మట్టి కప్పిన కందకాల్లోకి పంపుతున్నాం. కూరమడులకి వాడొద్దని బోర్డు పెట్టాం.

61 ఇళ్లలో 38 ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల పైపు సరాసరి కాలవలోనే ఉంది. కొన్ని కట్టినప్పట్నుంచీ ఖాళీ చేసినవి కావు. వరసగా ట్యాంకరుతో తీయించి, బురద నరసాపురంలో ఉన్న శుద్ధి కేంద్రానికి పంపేటట్టు మాట్లాడుకున్నాం. ఇప్పటికి 11 ఇళ్లు అయ్యాయి.

సెప్టెంబర్ 3

రెండు రోజులు కుండపోత. వీధి కాలవ అంటే వాననీళ్లకి కూడా అదే కాలవ. మడి మునిగింది. పక్కదారి తలుపు ఎత్తి మొత్తం నీళ్లు పాత తూములోకే వదలాల్సి వచ్చింది. వాన కలిసిన మురుగు రెండు రోజులు సముద్రంలోకే పోయింది, ఇది ఇక్కడ రాయకపోతే డైరీకి అర్థం లేదు. మడి మాత్రం చెక్కుచెదరలేదు, జమ్ము వంగి లేచింది.

అక్టోబర్ 13

కర్రకి తెల్ల తువ్వాలు చుట్టి మొదటి గదిలో అడుగు దాకా దింపి తీశాను. నల్ల మరక జానెడు ఎత్తుంది. లోతులో మూడోవంతుకి వచ్చినప్పుడు ట్యాంకరు పిలవాలి, ఇంకా సమయం ఉంది. సెప్టిక్ ట్యాంకులు 29 అయ్యాయి. ఇంటి చూరు నీళ్లు కాలవలో పడకుండా పెరట్లోకే ఇంకుడుగుంతలకి మళ్లించే పని 9 ఇళ్లలో పూర్తయింది. వచ్చే వానల్లోపు మిగతావి కూడా అవ్వాలి.

తూము నోటి దగ్గర ఇసక ఎండింది. నల్లటి చార పైన తెల్ల ఇసక కప్పుకుంది. కాలితో రెండు అంగుళాలు గీకితే అడుగున ఇంకా నలుపే. ఏళ్ల తరబడి పేరుకున్నది, అది పోవడానికి దానికీ టైము కావాలి.

పిన్ని గోడ మీద సుద్ద గీతలు అరుగు దాకా వచ్చేశాయి. వెనక వీధి వాళ్లు 43 ఇళ్లు తమనీ కలపమని నిన్న అర్జీ ఇచ్చారు. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకి వాళ్ల కాలవ చివర కూర్చోవాలి. బకెట్టు తమ్ముడి దగ్గరుంది, తెమ్మని చెప్పాను.